హయేటస్ లంక

మా అమ్మమ్మకు ముప్ఫై ఏళ్ళకే చెవులు పోయాయి. పెద్దమ్మకు ఇరవై తొమ్మిదికి. తర్వాతి వంతు పెద్దమ్మ కూతురిది, అంటే మా అక్కది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. అక్క మాత్రం "నాకింకా ఏడెనిమిదేళ్ళుందే" అనేది, సెలవులు ఎన్ని మిగిలాయో చెప్పినంత మామూలుగా. నాకు ఒళ్ళు మండేది. మా అమ్మకు ఏమీ కాలేదు, నాకూ కాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తొంభైల నడుమ మాట ఇది. గోదావరికి పడమట చిన్న ఊరు. లూథరన్ చర్చి, దానికి ఎదురుగా మిషన్ ఆసుపత్రి. పెదనాన్న బడిలో మాస్టారు. ఇంటర్‌కీ, ఆ తర్వాత డిగ్రీకీ నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అక్క డిగ్రీ అయ్యాక ఆసుపత్రి ఆఫీసులో టైపు పనికి కుదిరింది. ఆదివారాలు క్వాయర్లో పాడేది. ఇంగ్లండు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన నర్సమ్మ ఒకావిడ, అక్కతో స్నేహం కలిసి, తిరిగి వెళ్ళేటప్పుడు తన వాక్‌మన్‌నూ రెండు క్యాసెట్లనూ ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది. అది వాళ్ళ ఊరి బ్యాండు. ఇంగ్లండులో ఉత్తరాన, మిల్లులు మూతపడి ఎప్పుడూ వాన కురుస్తూ ఉండే ఊరట. అందులో నలుగురే. మొదటి ఆల్బం ఒకడి ఇంటి వంటగదిలో రికార్డు చేశారట. రెండోది ఆ దేశమంతా మోగిందట.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పాడేవాడికి గొంతే లేదు, జలుబు చేసినవాడు ప్రార్థన చేస్తున్నట్టుంది. గిటారు మాత్రం ఆగకుండా గలగలా మోగుతూనే ఉంటుంది. పాటల్లో ఏమీ జరగదు. ఒకడు బస్సు తప్పిపోతాడు. ఒకడి తల్లి షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో నిద్రపోతుంది. ఇంకో పాటలో అమ్మాయి వేరే ఊరు వెళ్ళిపోతే, వాడు ఆ ఊరి వాన గురించి రేడియోలో వింటాడు. అంతే.

"ఇదేం సంగీతమే బాబూ" అన్నాను.

"ఇంకోసారి విను. వాడు పాట్టంలేదే, మనకి చెబుతున్నాడు" అంది అక్క.

నాలుగోసారికి నేనూ పడిపోయాను. మా చర్చిలో పాటలకు పేర్లుండవు, నంబర్లే. ఫలానా నంబరు తియ్యండి అంటే సంఘమంతా పుస్తకం తిప్పుతుంది. అక్క కూడా ఒక పొడుగు నోటు పుస్తకంలో ఆ బ్యాండు పాటలన్నీ తెలుగు లిపిలో, చెవికి ఎలా వినబడితే అలా రాసి, నంబర్లు వేసింది. సగం మాటలు తప్పే అయ్యుంటాయి. "తొమ్మిది పెట్టవే" అంటే తల్లి నిద్రపోయే పాట. మూడో ఆల్బం నర్సమ్మ పోస్టులో పంపింది. అందులో వయొలిన్లు వచ్చి చేరాయి. అక్కడి పత్రికలు దుమ్మెత్తిపోశాయని ఉత్తరంలో రాసింది. అక్కకు అన్నిటికన్నా అదే ఇష్టం. మొత్తం ముప్ఫై నాలుగు పాటలయ్యాయి.

ఆ ఏడాదే అక్క ఎడమ చెవిలో హోరు మొదలైంది. పెదనాన్న మమ్మల్నిద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్ళి చెవుల డాక్టరుకు చూపించారు. నరం బలహీనపడుతోంది, దీనికి మందు లేదు, పెద్ద చప్పుళ్ళకు దూరంగా ఉండమన్నాడాయన. "ఎన్నాళ్ళుంటాయండి?" అని అక్క అడిగింది. చెప్పలేమమ్మా అన్నాడు. తిరుగు బస్సు రావులపాలెంలో ఆగినప్పుడు, అరటి గెలల లారీలు దారివ్వక డ్రైవరు అదే పనిగా హారన్ కొడుతుంటే, అక్క నా వైపు వంగి, "నాలుగోది వస్తే చాలే. అదొక్కటీ విన్నాక పోతే పోనీ" అంది. ముందు సీట్లో ఉన్న పెదనాన్న వెనక్కి తిరగలేదు. విన్నారని నాకు తెలుసు.

ఆ వేసవిలో నర్సమ్మ దగ్గర్నుంచి ఒక బొమ్మ కార్డు వచ్చింది. అక్క ఆఫీసులో ఉంది. కార్డే కదా, చదివేశాను. ఆవిడ రాతంతా పెద్దక్షరాలే. కొత్త ఆల్బం గురించి అడిగావు, మనవాళ్ళు ఇన్‌డెఫినిట్ హయేటస్‌లో ఉన్నారు, ప్రేమతో, అని ఉంది. ఆ మాట నాకు తెలీదు. పెదనాన్న డిక్షనరీ తీసి చూశాను. విరామం, తెంపు అని ఉంది. ఎప్పటికి ముగుస్తుందో తెలియని విరామం అంటే ఏమిటో పదిహేడేళ్ళ నాకు కూడా అర్థమైంది. విడిపోయారు.

సాయంత్రం అక్క వచ్చి, కార్డు చదివి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"హయేటస్ అంటే ఏ ఊరే? మ్యాపులో ఎప్పుడూ చూళ్ళేదు."

"ఏదో దీవి అనుకుంటా" అన్నాను.

"లంకా! లంకలో కూర్చుని పాటలు కడుతున్నారన్నమాట. ఎన్నాళ్ళుంటారో చెప్పలేరంట. ఈసారి గట్టిగానే కడుతున్నారే!" అక్క మొహం వెలిగిపోయింది. గోదావరి మధ్య లంకలు చూసి పెరిగినవాళ్ళం. నీళ్ళ నడుమ అరటి తోటల్లో నలుగురు గిటార్లు పట్టుకుని కూర్చున్నట్టు ఆమెకు కనబడే ఉంటుంది. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. వారం తిరిగేసరికి అది ఇంట్లో వేళాకోళమైపోయింది. పెదనాన్న బజారు నుంచి ఆలస్యంగా వస్తే, "ఏంటండీ, హయేటస్ లంక దాకా వెళ్ళొచ్చారా?" అని పెద్దమ్మ గట్టిగా అడిగేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ తర్వాత అక్క చేసిన పని నేను ఊహించలేదు. వాక్‌మన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. పెద్ద చప్పుళ్ళు వద్దని డాక్టరు అన్న మాటను ఆమె తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. వినికిడి అంటే వాడితే అరిగిపోయేదని, దాస్తే మిగిలేదని. బస్సెక్కితే చెవుల్లో దూది. పెళ్ళి మైకు వినబడితే దూది. చివరికి క్వాయరు కూడా మానేసింది. పాస్టరు గారు ఇంటికొచ్చి, "ఏంటమ్మా, పాటకి రావట్లేదు?" అని అడిగారు.

"చెవులు దాచుకుంటున్నానండి" అంది అక్క.

ఆయనకేమీ అర్థం కాలేదు. కళ్ళు మూసుకుని ఆమె కోసం ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్ళారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. బయటికి వచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. వాళ్ళిక రారక్కా, ఉన్నవి విను, నీ పాటలు నువ్వు పాడుకో అని. మొదట్లో జాలితో చెప్పలేదు. తర్వాత సిగ్గుతో చెప్పలేదు. ఆ తర్వాతదంతా పిరికితనమే, దానికి వేరే పేరు లేదు.

నర్సమ్మ నుంచి క్రిస్మస్ కార్డులు తప్ప ఏ కబురూ లేకుండా నాలుగేళ్ళు అలాగే గడిచాయి. చేతిలో ఉన్న ముప్ఫై నాలుగు పాటల్లో ఒక్కటీ వినకుండా నాలుగేళ్ళు. ఒక శ్రావణంలో, మధ్యాహ్నం, అక్క గదిలోంచి వరండాలోకి వచ్చి, తడిసిన వాకిలి చూసి ఆగిపోయింది. నెత్తిమీద రేకుల కప్పు అదిరిపోతోంది.

"వాన ఎప్పుడు మొదలైందే?" అంది.

గంటయింది మొదలై. నేను జవాబు చెప్పకముందే ఆమె లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, వాక్‌మన్‌కు కొత్త బ్యాటరీలు వేసి, మూడో ఆల్బం పెట్టింది. సౌండు చివరిదాకా పెంచింది. అంత వానలోనూ హెడ్‌ఫోన్లలోంచి ఆ వయొలిన్లు నాకే వినబడుతున్నాయి. "ఏంటే ఇది, ఎవరో తలుపు బాదుతున్నట్టుంది" అంది. ఇంకో పాటకు తిప్పింది. ఇంకోటి. అప్పుడు చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. హయేటస్ అంటే ఊరు కాదక్కా.

"నీకెప్పుడు తెలిసింది?"

"కార్డు వచ్చిన రోజే."

తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి ఆరేసిన బట్టలు తీసింది. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకరోజు వంటింట్లో "పాలు పొంగుతున్నాయి, చూడు" అంది. నేను స్టవ్ కట్టేసి అక్కడే కూలబడి ఏడ్చాను.

చాలా ఏళ్ళకు, నేను భీమవరంలో ఒక ఇంజినీరింగు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుండగా, ఆ నలుగురూ మళ్ళీ కలిశారని నెట్‌లో చదివాను. కొద్ది నెలలకే, అప్పటికి నాకూ ఉత్తరాలు రాస్తున్న నర్సమ్మ పంపిన సీడీ కాలేజీ అడ్రసుకు వచ్చింది. నాలుగో ఆల్బం. అక్కకు అప్పటికి ఏమీ వినబడదు. చెవి మిషను పెట్టుకుంటే అంతా గరగరే అని దాన్ని తీసేసింది. మనుషుల మాటలు పెదాలను బట్టి పోల్చుకుంటుంది. ఈ సీడీ చూపించకుండా ఉండొచ్చు కదా అని నాకు అనిపించలేదంటే అబద్ధం. కానీ ఇంకోసారి దాచడం నా వల్ల కాదు. ఆ ఆదివారమే తీసుకెళ్ళాను.

ఈసారి సీడీతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో పాటల మాటలు అచ్చువేసి ఉన్నాయి. అక్క కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. పుస్తకం మూసి, "విను. విని ఎలా ఉందో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాలి" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చోబోతే ఒప్పుకోలేదు. తనకు ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

పది పాటలు. ఆ జలుబు గొంతు వయసుతో బరువెక్కింది. గిటారు తొందర తగ్గింది, మనిషి మాట అయ్యేదాకా ఆగి అప్పుడు అందుకుంటోంది. ఇన్నేళ్ళలో వాళ్ళు చేసినవాటిలో ఇంతటిది లేదు. అక్క నాలుగేళ్ళ పాటు చెవుల్లో దూది పెట్టుకుని ఎదురుచూసిన పాటలు సరిగ్గా ఇవే. చివరిది అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"బాగోలేదక్కా. ముసలాళ్ళైపోయారు. పాత పాటలే మళ్ళీ పాడినట్టుంది" అన్నాను, ఒక్కో మాటా విడదీసి.

అక్క నా పెదాలకేసి చూడటం మానేసి, నా కళ్ళలోకి చూసింది.

"అంత బావుందేంటే?" అంది.