ఆపా పక్కన కూర్చున్న ఆన్‌లైన్ సభ

టింగ్‌మంది. ఎవరో సభలోకి వచ్చారు. తెరమీద ఇంకో నల్లటి గడి తెరుచుకుంది. అందులో ముఖం లేదు, "ఎం" అని ఒక్క అక్షరం ఉంది. కామారెడ్డిలో మా ఇంట్లో కూర్చుని, సొంతంగా రాసుకుని బతకాలనుకునే కొత్తవాళ్లకు ఆన్‌లైన్‌లో నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నాను. ఆ టింగ్‌మన్న చప్పుడుకే అక్కలాంటి షహనాజ్ ఆపా గొంతు చెవిలో లేచింది: "వాడు కెమెరా ఎందుకు బంద్ జేసిండు? అడుగు." ఆమె పోయి చాలా రోజులైంది. నాకు మాత్రం ముఖం చూపించని ప్రతివాడూ ఇప్పటికీ దొంగే.

ఎల్లారెడ్డిలో సర్కారు ఆఫీసుకు ఎదురుగా ఆపాకు చిన్న దుకాణం ఉండేది. అర్జీలు రాయడం, టైపు కొట్టడం, జిరాక్సు తీయడం ఆమె పని. డిగ్రీ అయ్యాక నాగిరెడ్డిపేట నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి ఆమె దగ్గర తెలుగు టైపు చేసేదాన్ని. గల్ఫ్ పోయేవాళ్లు ఏజెంటు ఇచ్చిన కాగితాలను చదివించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆపా కాగితాన్ని వెలుగుకు పట్టి చూసేది, వెనక్కి తిప్పేది, ముద్రమీద గోటితో గీకేది. ఆ తర్వాత ఏజెంటును పిలిపించి ఒక్కటే అడిగేది. "నువ్వు ఇంతకుముందు తోల్కపోయినోన్ని ఒక్కన్ని ఫోన్ల మాట్లాడిపియ్యి. నువ్వు జెప్పుడు గాదు, వాడు జెప్పాలె." తడుముకున్నాడా, కాగితం వెనక్కే. ఒకసారి ఒక ఏజెంటు మండిపడ్డాడు. "ఏందమ్మా, నా మీద నమ్మకం లేదా?" ఆపా చాయ్ ఊదుకుంటూ, "ఉన్నది అన్నా. ఉంటె మాత్రం అడగొద్దా?" అంది. వాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ దుకాణంలో విన్న మాటలే నన్ను రాతలోకి దింపాయి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇండ్లకు వెళ్లి, వాళ్లతో మాట్లాడించి, మూడేళ్లు రాశాను. నా చేతిలో ఉన్న ఆస్తి అదొక్కటే. ఎవరికి చూపించాలో తెలియక కొట్టుమిట్టాడుతుంటే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది: స్వతంత్రంగా రాసుకునే వాళ్లకు ఆదివారమంతా ఆన్‌లైన్ సభ, ప్రవేశం ఉచితం. నాగిరెడ్డిపేటలో మా ఇంట్లో అప్పట్లో సిగ్నల్ నిలిచేది కాదు. దుకాణం మూసి ఉండే రోజే కదా, అక్కడి కంప్యూటర్ వాడుకోనా అని ఆపాను అడిగాను.

"ఫీజు లేదా?"

"లేదు ఆపా."

"పుక్కట్కి ఎవడన్న చెప్తడా బిడ్డా? నేను గూడ కూసుంట."

అన్నట్టుగానే ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కు నిండా చాయ్‌తో వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది. సభ మొదలవకముందే నిలదీసింది. "వీళ్లతోటి నీకేం కావాలె?"

"వింటా ఆపా, అంతే."

"విననీకి రేడియో ఉన్నది గద. ఏం కావాల్నో కాయితం మీద రాయి."

చాలాసేపు తల గోక్కుని, "నా పుస్తకాన్ని నిజంగా చదివే మనిషి ఒక్కరు" అని రాశాను. ఆమె ఆ చీటీని కంప్యూటర్ అంచుకు అంటించింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మరి ఏం అడగాలో తెలియకుండానే నేను వచ్చి కూర్చున్నాను! ఉపన్యాసాలను ఆపా పెద్దగా పట్టించుకోలేదు. తెర పక్కన పరుగెడుతున్న అక్షరాలను చూపించి, "అదేంది?" అంది. వచ్చినవాళ్లు తమలో తాము రాసుకునే మాటలన్నాను. "ముందుగాల గది సదువు. లైన్ల నిలవడ్డోళ్లకు ఉన్నంత ఎరుక కుర్చీల కూసున్నోనికి ఉండది." తెలివైన ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరి పేరూ ఊరూ నాతో రాయించింది. మధ్యాహ్నానికి పేజీ నిండింది. అందులో మద్నూర్ టీచరమ్మ ఒకరు.

భోజనాలయ్యాక ఒక ప్రచురణకర్త మాట్లాడాడు. గొంతు తేనె. ఎవరేం రాస్తున్నారో చెప్పమంటే, నా పుస్తకం గురించి రెండు ముక్కలు రాశాను. కాసేపటికి నాకొక్కదానికే కనిపించేలా ఆయన సందేశం పంపాడు: "మీ ప్రయత్నం అద్భుతం. మొత్తం రాతప్రతి ఈ గంటలోనే పంపండి. పదిమందికే అవకాశం." నా కాళ్లు నేలమీద నిలవలేదు. పంపడానికి వేలు పెట్టానో లేదో, ఆపా మౌస్‌మీద అరచెయ్యి పరిచింది.

"నకలే కదా ఆపా, అసలు నా దగ్గరే ఉంటది!" అన్నాను కోపంగా.

"ముందుగాల ఎవని పేరు మీద అచ్చయితె వాని దగ్గరనే ఉంటది అసలు. అందరి ముంగట అడుగు."

అందరికీ కనిపించేలా రాశాను: "మీరు ఇంతకుముందు అచ్చువేసిన రచయిత ఒక్కరితోనైనా ఇక్కడ మాట్లాడిస్తారా?" పెద్దమనిషి నవ్వాడు. మంచి ప్రశ్నే గానీ సమయం లేదన్నాడు. చూస్తుండగానే నా ప్రశ్న తెరమీద నుంచి మాయమైంది. వెంటనే టింగ్‌మని మద్నూర్ టీచరమ్మ నుంచి సందేశం: "పోయినేడు నేను పంపాను. వేరేవాళ్ల పేరుతో అచ్చయింది. పంపకండి." పంపబోయిన రాతప్రతిని వెంటనే తీసేశాను. "చూసినవా, నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయంట," అంది ఆపా. తర్వాతి రోజుల్లో నా పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివింది ఆ టీచరమ్మే. మంచి ప్రచురణకర్తను చూపించిందీ ఆమే.

దుకాణానికి తాళం వేస్తూ ఆపా ఉన్నట్టుండి చెప్పింది. "ఒకామె ఉండె బిడ్డా. తమ్ముడు దుబాయ్ పోతుంటె, ఏజెంటు సుట్టపోడే గద అని ఏం అడగలే. రెండు ఉత్తరాలు వచ్చినయ్. మూడోది రాలే." ఎవరో దుకాణానికి వచ్చినామె గురించి అనుకున్నాను. కాస్త ఆగి, "నీ కాయితాలు నాకొక నకలు ఇయ్యరాదు? సదువుకుంట," అంది.

"ఎందుకు ఆపా?"

ఆమె నన్నే చూసింది. తర్వాత నవ్వి వీపు తట్టింది. "శభాష్! నన్ను గూడ గట్లనే అడగాలె." నేను పొంగిపోయి బస్సెక్కాను. ఆమె మళ్లీ అడగలేదు. నేను ఇవ్వలేదు.

పుస్తకం వచ్చేసరికి ఆపా లేదు. మొదటి ప్రతిని ఎల్లారెడ్డికి తీసుకెళ్లి ఆమె బిడ్డ నస్రీన్ చేతిలో పెట్టాను. ఆ పిల్ల పేజీలను గబగబా తిప్పుతూ, పేర్లు కనిపించినచోటల్లా ఆగుతోంది.

"మా మామ పేరు ఉన్నదా అక్కా?"

"ఏ మామ?"

"అమ్మ తమ్ముడు. దుబాయ్ పొయ్యి రెండు ఉత్తరాలే రాసిండు. నువ్వు మాట్లాడినోళ్లల్ల ఆయన్ను చూసినోడు ఉంటడేమోనని అమ్మకు ఆశ ఉండె."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేరు నా పుస్తకంలో లేదు. అప్పటినుంచి మూడుసార్లు వెతికాను, లేనే లేదు. కానీ ఆ వెతుకులాట ఆపాది. కనీసం లేడన్న సంగతైనా ఆమె తన కళ్లతో చూసుకునేది. ఎందుకని నేను అడిగాను, నిజమే. ఆమె చెప్పలేదు. శభాష్ అనిపించుకున్న సంబరంలో, జవాబు రాలేదన్న సంగతే నేను గమనించలేదు.

ఇవాళ సభ చివర్లో ఆ "ఎం" నుంచి సందేశం వచ్చింది: "మేడం, మీరు చదివి వినిపించిన కొత్త అధ్యాయం నాకొక కాపీ పంపుతారా?" నా వేళ్లు వాటంతటవే "ఎందుకు?" అని కొట్టేశాయి. అందరూ సెలవు తీసుకున్నారు, గడులన్నీ ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆ ఒక్క నల్లగడి మిగిలింది. జవాబు ఇంకా రాలేదు. నేను కెమెరా ఆపలేదు. చాయ్ తెచ్చుకుని కూర్చున్నాను.