అత్త కంటి తడి

మా మేనత్త పోయిందని పొద్దున్నే నౌపడ నుంచి నాన్న ఫోను చేశాడు. "మీ అత్త నేదమ్మా," అన్నాడు. బస్సెక్కాక నా సంచిలో ఆమె కంటి చుక్కల సీసా చేతికి తగిలింది. ఆదివారం తీసుకెళ్లాలని శ్రీకాకుళంలో కొని ఉంచాను.

నాకు మొదటి పలక కొన్నది అత్తే. ఉప్పు మడుల్లో పనిచేసేది. అక్కడ కీళ్లు పట్టేస్తే ఉప్పునీళ్లలో నిలబడ్డందుకంటారు, కళ్లు ఎర్రబడితే ఉప్పు మీద ఎండ కొట్టినందుకంటారు. అత్త కూడా అలాగే అనుకుని రెండింటినీ ఓర్చుకుంది.

ఆ రోజుల్లోనే మావయ్య పోయాడు. అత్త గొంతు పగిలేలా ఏడ్చింది గానీ చెంప తడవలేదు. పక్కింటి ముసలమ్మ అందరికీ వినపడేలా అంది: "సూడండర్రా, మొగుడు పోతే కంట సుక్క నేదు. అది గుండేనా, ఉప్పుగల్లా?" ఆ మాట వీధిలో ఉండిపోయింది.

ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. అప్పటికే ఒక కంటి నల్లగుడ్డు మీద పుండు పడి, మచ్చ కట్టి, చూపు పోయింది. డాక్టరమ్మ అత్త వేళ్ల కణుపులు నొక్కి చూసి, కీళ్లదీ కంటిదీ ఒకటే జబ్బంది. రోగాలతో పోరాడాల్సిన ఒంటి శక్తి సొంత కీళ్ల మీదా, కన్నీటి గ్రంథుల మీదా తిరగబడిందట. కంట్లో నీరు ఊరడం లేదట. రెండో కన్ను నిలవాలంటే మాత్రలూ చుక్కలూ మానకూడదంది. కీళ్ల నొప్పులతో పాటు కళ్లూ మండుతుంటే, ఇది చదివే మీరెవరూ ఉప్పు మీదకో ఎండ మీదకో తోసెయ్యకండి.

అత్త చూపు సంగతి అడగలేదు. "అయితే అమ్మా, మా ఆయన పోయిన రోజు నాను ఏడిసినట్టేనా?" అంది.

"ఏడ్చినట్టే," అంది డాక్టరమ్మ.

రెండో కన్ను చివరిదాకా నిలిచింది. మామూలు రోజుల్లో చుక్కలు తనే వేసుకునేది, ఆదివారం నేను వేసేదాన్ని. మంచం మీద తల వెనక్కి వాల్చి, "ఇంకో సుక్కెయ్యే, మీ మావ వాటా," అనేది. కారినా తుడుచుకునేది కాదు.

"ముసలమ్మకి నేను చెప్పనా అత్తా?" అన్నానొకసారి.

"ఏటి సెప్తావ్? ఉప్పుకి సీమలు పట్టాయంటే నమ్ముతాది గానీ, ఇది నమ్మదు."

నేను వెళ్లేసరికి అత్తని వాకిట్లో పడుకోబెట్టారు. రెప్పలు సగమే మూతపడ్డాయి. తల దగ్గర ముసలమ్మ కూర్చుని శోకాలు పెడుతోంది. నాన్న ఆ రెప్పలు మూయబోతుంటే ఆగమన్నాను. సీసా తీసి రెండు కళ్లలోనూ వేశాను. తర్వాత ఇంకో చుక్క.

అది కంటి కొసన కాసేపు నిలిచి, జారింది. ముసలమ్మ శోకం ఆగిపోయింది. తుడవడానికి కొంగెత్తింది. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. చుక్క చెవి దాకా పాకుతూ వెళ్లింది.