జాడీల బల్లకి చెద పట్టిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో లోకమంతా మన కోసమే ఎదురుచూస్తోందనిపిస్తుంది. నాకైతే గుంటూరులోని చెదపురుగులన్నీ నా పేరు విని వణుకుతున్నాయనిపించేది. జువాలజీ డిగ్రీ పూర్తిచేసి, బ్రాడీపేటలో ఇళ్ళకి పురుగుల మందు కొట్టే చిన్న కంపెనీలో చేరి అప్పటికి పదహారు రోజులు. (మా నాన్న ఊళ్ళో 'మా అమ్మాయి సైంటిస్టు' అని చెప్పుకునేవాడు. జన్మంతా మిరపచేలో మందు కొట్టిన మనిషికి, కూతురు ఇళ్ళలో మందు కొడుతోందని చెప్పడానికి ఎందుకో మొహమాటం.) పదిహేను రోజులు మా సారు వెనకాల బకెట్టు మోశాను. పదహారో రోజున ఆయనకి జ్వరమొచ్చింది. ఫోన్ చేసి, "ఈ ఒక్క ఇల్లూ చూసి రామ్మా. చూడు చాలు, ఏదీ ముట్టుకోకు" అన్నారు. నాకు మొదటి సగమే వినపడింది.

ఆ ఇల్లు పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకావిడది. పేటంతా ఆవిణ్ణి పచ్చళ్ళ పిన్నిగారనే అనేది. వంటింటి వెనక గదిలో గోడ పొడుగునా మూడు అరల చెక్క బల్ల, దాని మీద ఏడాది సరుకంతా జాడీల్లో. బల్ల వెనక గోడ మీద పెన్సిలంత లావున మట్టి గీత ఒకటి పైకి పాకింది. అది చూడగానే నాకు పండగొచ్చినట్టయింది. వెంటనే హెల్మెట్టు, పెద్ద కళ్ళద్దాలు, చేతి తొడుగులు తగిలించుకున్నాను. హాల్లో పేపరు చదువుతున్న పిన్నిగారి భర్త, ఆయన్ని నేను బాబాయిగారనేదాన్ని, తలెత్తి చూసి, "చంద్రుడి మీదికా అమ్మా ప్రయాణం?" అన్నారు.

నేను పట్టించుకోకుండా పాఠం మొదలుపెట్టాను. "చెదలు వెలుతురు భరించలేవండీ. అందుకే ఇలా మట్టితో గొట్టం కట్టుకుని అందులోంచి నడుస్తాయి."

"పాఠం తర్వాత చెబుదువుగాని," అన్నారు పిన్నిగారు. "కిరసనాయిలు పోశాను, పసుపునీళ్ళు చల్లాను, వేపాకు పొగేశాను. ఇక్కడ పోస్తే అక్కడ తేలుతున్నాయి. దీనికేమంటావు?"

"పైన పోస్తే పైనున్నవే చస్తాయండీ. పుట్ట నేలలో ఎక్కడో ఉంటుంది," అంటూ బల్ల కాళ్ళని ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్ వెనకభాగంతో తట్టాను. మొదటి కాలు గట్టిగా పలికింది. రెండోది ఖాళీ డబ్బాలా మోగింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో చిన్నగా పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. పైన నిగనిగలాడే వార్నిషు, లోపలంతా మట్టి. బల్ల కిర్రుమని నా వైపు ఒరిగింది.

ఇద్దరం ఒక్కసారే భుజాలు ఆనించాం. పిన్నిగారు గొంతెత్తి, "ఏవండీ, ఇటు రండి" అని పిలిచారు. "కాఫీ ఇందాకే తాగానుగా," అన్నారు బాబాయిగారు హాల్లోంచి. (ఆయనకి చెవులు కొంచెం మందం.) మళ్ళీ పిలిచేలోపు ఊపిరి తీసుకుంటూ పిన్నిగారు నన్ను అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"పర్చూరు దగ్గరండీ."

"మిరప వేస్తారా?"

"వేస్తామండీ," అన్నాను భుజం మార్చుకుంటూ.

"కాయ రంగుంటుందా, ఘాటుంటుందా?"

"రెండూనండీ."

"అయితే ఈ ఏడు కాయలు నాకివ్వమని నాన్నగారిని అడుగు," అంటుండగానే పై అరలోంచి పండుమిరపకాయ పచ్చడి జాడీ జారి సరిగ్గా నా హెల్మెట్టు మీద బద్దలైంది. కళ్ళద్దాల మీద ఎర్రగా కారుతోంటే లోకమంతా సూర్యాస్తమయంలా కనపడింది. అవి లేకపోతే నా కళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మంట పుడుతుంది.

ఆ చప్పుడు మాత్రం బాబాయిగారికి వినపడింది. పరిగెత్తుకొచ్చి ఒక్కో జాడీ దించుతూ, ప్రతిదానికీ ఆగి, "ఇది మాగాయా, ఉసిరికాయా?" అని అడగడం మొదలుపెట్టారు. "ఏదైతేనేం, ముందు దించండి," అని పిన్నిగారు అన్నిసార్లూ ఒకే మాట ఓపిగ్గా చెప్పారు. ఆఖరి జాడీ నేలమీదికి చేరాక ముగ్గురం అక్కడే చతికిలబడ్డాం. అప్పుడు కనపడింది నాకు. బల్ల జరిగిన చోట గోడంతా చెమ్మ. దానికి అవతల స్నానాలగది. గోడలోని పైపు ఎన్నాళ్ళనుంచి కారుతోందో, ఆ తడి దగ్గర్నుంచే అయిదారు మట్టి దారులు బయల్దేరాయి. ఒకదాన్ని గీకితే తెల్లగా, గుంపులుగా, కంగారుగా పరుగులు. "దొరికాయండీ" అన్నాను, పోయిన వస్తువేదో దొరికినట్టు. ఒళ్ళంతా పచ్చడితో ఉన్న నన్ను ఇద్దరూ జాలిగా చూశారు.

జ్వరం తగ్గాక మా సారు వచ్చారు. ముందు పైపు బాగుచేయించారు. జాడీలన్నీ పక్కింటికి చేర్చి, గోడ మొదట్లో వరసగా రంధ్రాలు వేసి, మందు పోసి, సిమెంటుతో మూశాం. కొత్తగా ఇనప స్టాండు తెప్పించి గోడకి జానెడు ఎడంగా పెట్టించాం. పని మధ్యలో సారు, "ఏదీ ముట్టుకోవద్దన్నానా?" అని నన్ను కసిరారు. నేను నేల చూపులు చూస్తోంటే పిన్నిగారే అందుకున్నారు. "ముట్టుకుంది కాబట్టే మేమున్నప్పుడు ఒరిగిందండీ. మేం ఊరెళ్ళినప్పుడు పడుంటే నా ఏడాది కష్టం నేలపాలయ్యేది." సారు మళ్ళీ డ్రిల్లు అందుకున్నారు. నా ఉద్యోగం నిలబడింది. మూడుసార్లు తలంటుకున్నా జుట్టుకి పట్టిన పచ్చడి వాసన మాత్రం పోలేదు. నేనుండే హాస్టల్లో భోజనాలప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లలు ఆకలేస్తోందని రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పుడు సొంతంగా కంపెనీ నడుపుతున్నాను. గోడకి చెమ్మ రానివ్వకండి, అట్టపెట్టెలు నేలమీద పెట్టకండి అని రోజుకి పదిమందికి ఒకే గొంతుతో చెబుతుంటాను. మొన్న ఒంగోలు నుంచి ఒకాయన ఫొటో పంపి, "ఇది చెదేనా అండీ?" అని అడిగారు. సోఫాలోంచి లేవకుండా చూసి, అవునని చెప్పి, ఏం చేయాలో కూడా చెప్పాను. అంతా సరిగ్గానే చెప్పాను. కానీ అప్పుడు బకెట్టు మోసిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లయితే ఈపాటికి స్కూటరెక్కి చిలకలూరిపేట దాటేసి ఉండేది, ఒంగోల్లో ఎక్కడికెళ్ళాలో అడ్రసైనా అడక్కుండా.