తెల్లతోక పిల్లలు, తట్టుకున్న తల్లులు

నా ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. కైకలూరులో రొయ్య రైతుల సమావేశంలో మైకు నా చేతికి వచ్చేసరికి అందరూ భోజనాలకు లేచారు. ముందు ఎవరు లేచారో కూడా నాకు గుర్తుంది.

ఈ రెండు వేల దశకంలో మా కొల్లేరు పక్క చెరువుల్లో మంచినీటి రొయ్య సాగు ఊపు మీదుంది. కిందటేడు, రొయ్య పిల్లలను పుట్టించి అమ్మే హేచరీ నుంచి తెచ్చి వదిలిన పిల్లల తోకలు కొద్ది రోజులకే పాలలా తెల్లబడ్డాయి. గట్టువార చచ్చి పడ్డాయి. హేచరీ యజమానిని అడిగాను.

"మీ నీళ్లు బాగోలేవండీ."

"పక్క చెరువులోవీ అవే నీళ్లండీ. అక్కడ చేపలు బాగానే ఉన్నాయి కదా?"

"చేపలకి తోక తెల్లబడదు కదండీ!" అని తను నవ్వి, గుమాస్తాలనూ నవ్వించాడు. ఒక యాంటీబయాటిక్ ఇచ్చి మేతలో కలపమన్నాడు. కలిపాను. చావులు ఆగలేదు.

పిల్లలను ఐసులో పెట్టి ఏలూరు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే లెక్చరర్‌గారికి చూపించాను. నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది ఆయనొక్కరే.

"పరీక్ష చేస్తేగాని ఖాయం కాదు గానీ, ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లా ఉందండీ. దాని ఆర్‌ఎన్‌ఏ కణంలోకి చేరగానే, కణం అది తన సొంత ఆదేశమే అనుకుని చదివేస్తుంది. అందులో రాసున్న ఎంజైమును తయారుచేస్తుంది. ఆ ఎంజైము వైరస్ ఆర్‌ఎన్‌ఏకి కాపీల మీద కాపీలు తీస్తుంది. కాపీలకు పైతొడుగులు కూడా కణమే చేసిపెడుతుంది. చివరికి కణం పోతుంది, కొత్త వైరస్‌లు పక్క కణాల్లో పడతాయి."

"మరి నేను కలిపిన మందు?"

"అది బాక్టీరియా మందండీ. ఇక్కడ పని చేసిపెడుతున్నది రొయ్య కణమే. ఆ మందు ఏం చేస్తుంది? పెద్ద రొయ్యల్లో ఇది పైకి కనబడదు. గుడ్లతో పిల్లలకి వస్తుంది."

చెరువులో వల లాగి రొయ్యలు పట్టే నాడు అదే హేచరీ యజమాని మా గట్టు మీదికి వచ్చాడు. బతికి బయటపడ్డ కాసిన్ని రొయ్యల్లోంచి గుడ్లున్న ఆడవాటిని ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"రోగాన్ని తట్టుకున్నవండీ ఇవి. పిల్లలు గట్టిగా వస్తాయి."

మా వైపు తల్లి రొయ్యలను ఎంచే పద్ధతే అది. నేను లెక్చరర్‌గారి మాట చెప్పి, అతని బుట్ట తిరిగి వలలో ఒంపేశాను. "పోనీలెండి" అని, అతను తెల్లతోక వచ్చిన ఇంకో చెరువుకు వెళ్లి అక్కడ నింపుకున్నాడు.

ఆ తల్లుల పిల్లలే ఇప్పుడు మళ్లీ మా చెరువులకు వస్తున్నాయి. నాది ఖాళీగా ఉంచాను. ఏవండీ, హేచరీ యజమానిగారూ, ఆ తల్లులకు పరీక్ష చేయించారా, లేదా? భోజనాలకు లేవకుండా ఈ ఒక్కటీ చెప్పండి.