ఎవరివో తెలియని జాకెట్టు ముక్కలు

మొన్న రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో లైనింగు గుడ్డ కొంటున్నాను. కొట్టు ఆయన తాను అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని చర్రున చించాడు. ఆ చప్పుడుతో పాటే కొత్త గుడ్డకుండే గంజి వాసన, ముక్కులో గరగరలాడే సన్నటి నూగు ఒక్కసారిగా లేచాయి. చేతికిచ్చిన ముక్కని అప్రయత్నంగా తిరగేసి వెలుతురుకి పట్టుకుని చూశాను. మా దగ్గర అనుమానమక్కర్లేదండీ అన్నాడాయన, కొంచెం నొచ్చుకున్నట్టే. అనుమానం ఆయన మీద కాదు. గుడ్డనే కాదు, చేతికి ఏదొచ్చినా తిరగేసి చూడడం నాకు అలవాటు చేసిన మనిషి ఒకరున్నారు. పాలకొల్లులో మా ఎదురింట్లో మిషను కుట్టిన రత్నం అత్తయ్యగారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆవిడ మంచిదా కాదా అన్న విషయం మీద ఆ వీధిలో ఇప్పటికీ ఎవరి మాట వారిదే.

మాకు ఆవిడతో చుట్టరికం లేదు. పిలుపు వరకే అత్తయ్యగారు. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ టేపు, దారంతో కట్టుకున్న కళ్ళజోడు. జాకెట్లు తప్ప ఇంకేమీ కుట్టేవారు కాదు. ఆవిడ కుట్టిన జాకెట్టు భుజం మీద నుంచి జారదని, చంక కింద పట్టదని పేరు. అందుకని వీధంతా ఆవిడ దగ్గరికే వెళ్ళేది, వెళ్ళినంతసేపూ ఆవిడని అనుమానించేది. పడగ్గదిలో రెండు ఇనప బీరువాలు, మంచం కింద బియ్యం సంచులు, వాటి నిండా గుడ్డలు. భర్త పోయి, పిల్లలు లేని ఒంటరి మనిషికి అన్ని గుడ్డలెక్కడివని అందరూ అడిగేవారు. ఆవిడని మాత్రం ఎవరూ అడగలేదు. దానికి బదులు మా వీధి ఒక పద్ధతి పెట్టుకుంది. గుడ్డతో పాటు ఇంట్లోంచి ఒక మనిషిని కూడా పంపేవారు. కోత పూర్తయ్యేదాకా ఆ మనిషి అక్కడే కూర్చోవాలి. మా ఇంటి తరఫున ఆ ఉద్యోగం నాది. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను.

మొదటిసారి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆవిడ తలెత్తకుండానే, "కాపలాకి పంపారా మీ అమ్మగారు?" అన్నారు. "వచ్చినదానివి దూరంగా కూర్చుంటే ఏం కనపడుతుంది? ఇలా రా" అని దగ్గరికి పిలిచారు. అమ్మ ఇచ్చిన నూలు గుడ్డని నా చేతే కొలిపించి, బకెట్టులో తడిపి, పెరట్లో తీగ మీద ఆరేయించారు. ఆరాక మళ్ళీ కొలవమన్నారు. నాలుగు వేళ్ళు తగ్గింది. మీ అమ్మగారు కొలిచింది పొడి గుడ్డ, నేను కోసేది తడిపిన గుడ్డ, ఈ నాలుగు వేళ్ళకే నాకు దొంగ పేరొచ్చింది, వెళ్ళి చెప్పు అన్నారు. ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ అంతా విని, "అయితే నీ కళ్ళ ముందే లాగేసిందన్నమాట" అంది.

అమ్మ మాటని కొట్టిపారెయ్యలేకపోయాను. ఎందుకంటే ఆ రోజే ఇంకోటి కూడా చూశాను. కోత అయ్యాక మిగిలిన దాంట్లోంచి జానెడు ముక్కని ఆవిడ వేలికి చుట్టి, మిషను పక్కనున్న దిండు గలీబులోకి తోసేశారు. దాచుకున్నట్టు లేదు. రోజూ చేసే పనిలా, నన్ను చూస్తూనే చేశారు. నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. రెండేళ్ళ పాటు ఆ గుమ్మం దగ్గర కూర్చుని గుడ్డ గురించి చాలా నేర్చుకున్నాను. పోగు లాగి చూస్తే అడ్డం నిలువు తెలుస్తాయని, కొట్టువాడు రంగు చూపించేటప్పుడు ట్యూబ్‌లైటు కింద కాదు వీధిలోకి తెచ్చి చూడాలని, నేత లోపం ఎప్పుడూ వెనక వైపే బయటపడుతుందని. ఆ దిండు గలీబు గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.

డిగ్రీ అయ్యాక ఒక దినపత్రికకి పాలకొల్లు నుంచి వార్తలు రాయడం మొదలుపెట్టాను. మొదటి నెలల్లోనే, జిల్లా పేజీలో చోటు మిగిలిందని డెస్కువాళ్ళు ఏదైనా పంపమంటే, టైలర్లు గుడ్డ మిగుల్చుకుంటున్నారని చిన్న వార్త రాశాను. ఒక వీధిలో ఒక మహిళ ఇంట్లో రెండు బీరువాల నిండా ముక్కలున్నాయని చివర ఒక వాక్యం చేర్చాను. పేరు రాయలేదు. పాలకొల్లులో రెండు బీరువాల మనిషి ఒక్కరే. నెల తిరక్కుండా సగం వీధి బజారులో ఇంకో టైలరు దగ్గరికి మళ్ళింది.

వారం పది రోజులాగి నేనే వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మడత పెట్టిన పేపరు దాని మీదే ఉంది.

"పేరు రాయలేదు, సంతోషం. నన్నొక మాట అడగలేదేం మరి?"

కళ్ళారా చూశానండీ అన్నాను.

"చూశావు. తిరగేసి చూశావా?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను రాజమండ్రి డెస్కులో చేరాను. పాతికేళ్ళ పైన అక్కడే పని చేశాను. వార్త పంపిన ప్రతి విలేకరినీ "అవతలి వాళ్ళనడిగావా?" అని పీడించేదాన్నని నాకు పేరుంది. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకి చెప్పలేదు.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఫోను వచ్చింది. బీరువాలు ఖాళీ చెయ్యాలి, నువ్వు రా అన్నారు. అంత మంది ఉండగా నన్నే ఎందుకు పిలిచారా అని బస్సులో దారంతా ఆలోచించాను. నాచేత ఏదో ఒకటి ఒప్పించుకోవడానికేనని నా అనుమానం. వెళ్ళేసరికి ఆవిడ పడగ్గది గుమ్మంలో ఎత్తుపీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒక కంట్లో చూపు పూర్తిగా పోయింది. నన్ను చూడగానే, "బ్యాగు అరుగు మీద పెట్టి రా" అన్నారు. నాకు నవ్వు, ఒళ్ళుమంట రెండూ వచ్చాయి. ఇంతకాలం మేం ఆవిడకి కాపలా కూర్చున్నాం. ఇప్పుడు నాకు ఆవిడ కాపలా.

సంగతి దాచకుండానే చెప్పారు. "నేను పోయాక ఈ వీధివాళ్ళే వచ్చి ఇవి తెరుస్తారు. శవం పక్కన నిలబడే దొంగముండంటారు. ఆ మాట అనిపించుకోకుండా పోవాలి నేను. పేపర్లో రాసింది నువ్వు. తీసేది కూడా నువ్వే."

బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన మొహాన కొట్టింది. లోపల వేలికన్నా కొంచెం లావుగా చుట్టిన ముక్కలు, అరలు పగిలేటట్టు. ఒక్కోదానికి గుండుసూదితో ఒక చీటీ. పెంకుటింటి సుబ్బలక్ష్మి గారు, ఎర్ర పట్టు. మిల్లు వాళ్ళ పెద్ద కోడలు, చిలకాకుపచ్చ. మా అమ్మ పేరుతోనే పదో పన్నెండో ఉన్నాయి. ఇవన్నీ ఎందుకండీ అని, ముప్పై ఏళ్ళ తర్వాత, మొదటిసారి అడిగాను. ఆడదాని ఒళ్ళు ఒక్కలా ఉండదు, ఇద్దరు పిల్లలు పుట్టాక పెళ్ళి జాకెట్టు పట్టదు, చంక కింద అతుకు వెయ్యాలంటే అదే గుడ్డ కావాలి, ఏ కొట్లోనూ దొరకదు అన్నారు. మరి ఆ ముక్క వాళ్ళకే ఇచ్చెయ్యచ్చు కదా అన్నాను. ఇస్తే గిన్నెలు తుడుచుకుంటారట. చెప్పి దాచచ్చు కదా అంటే నా వైపు జాలిగా చూశారు.

"పెళ్ళికూతురికి కొలతలు తీస్తూ, రేపు లావైపోతావమ్మా, అందుకని దాస్తున్నానని చెప్పమంటావా? ఆ తల్లి ఊరుకుంటుందా?"

నమ్మబుద్ధేసింది. అందుకే నమ్మలేదు. బీరువాల్లోవీ, మంచం కింద సంచుల్లోవీ సాయంత్రం దాకా చీటీలు చదువుతూ విప్పాను. పాత గుండుసూదులు తుప్పు పట్టి, గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు వదిలాయి. ఆ చుక్కని అబద్ధమాడించడం కష్టం. కానీ అడుగు అరలో ఉన్న ముక్కలు వేరుగా ఉన్నాయి. జానెడు కాదు, కొన్ని అర మీటరు, రెండు మూడు ఇంకా పెద్దవి. మంచి పట్టు గుడ్డలు, మంచి రంగులు. వాటి చీటీలు తెల్లగా ఉన్నాయి, సూదులు తళతళలాడుతున్నాయి. సూది తీసి చూస్తే కింద మరక లేదు. ఒక మామిడిపండు రంగు పట్టుకి మా అమ్మ పేరుంది. మా అమ్మ జన్మలో ఆ రంగు కట్టలేదు.

ఆ ముక్కని ఆవిడ ఒళ్ళో పెట్టి, ఈ చీటీ ఎప్పుడు గుచ్చారు అన్నాను. దాన్ని వేళ్ళతో తడిమారు.

"కిందటి వారం. నువ్వొస్తావని రాసి పెట్టాను, మీ అమ్మదంటే నమ్ముతావని."

"అంటే తీసినవేనా?"

"కొన్ని తీశాను. రంగు బావుందని తీశాను, ఇంకేం లేదు. కొన్ని ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఏవి తీశానో, ఏవి దాచానో ఇప్పుడు నాకే తెలియట్లేదమ్మా."

తీసిన మనిషికి తెలియకపోవడమేంటని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు కానీ, ఆవిడకి వినపడినట్టే ఉంది.

మర్నాడు తుప్పు మరకలున్నవాటినే విడతలు విడతలుగా సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. వీధి సంతోషిస్తుందని నేనేం అనుకోలేదు గానీ, అంత తేడాగా చూస్తారనీ అనుకోలేదు. పెంకుటింటి సుబ్బలక్ష్మి గారు ఎర్ర పట్టు ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇన్నాళ్ళూ దగ్గరెట్టుకుని ఇప్పుడిస్తుందేంటండీ? తీసిందని మేం అన్నదే నిజమైంది కదా" అన్నారు. అతుకు సంగతి చెప్పాను. ఆయ్, అలాగే చెప్తారండి అని నవ్వి ఊరుకున్నారు. అయినా కాసేపటికి లోపలికెళ్ళి ఆ పాత జాకెట్టు వెతికి తెచ్చి, ముక్కని పక్కన పెట్టి చూసుకున్నారు. రంగు కలిసింది. ఆవిడ మొహంలో ఏదో మారబోయి, మళ్ళీ అనుమానం దగ్గరే ఆగిపోయింది. "ఇంకా ఎంత మిగిలింది లోపల?" అనడిగారు.

ఎంత అనుమానమున్నా, ఇంటికొచ్చిన ముత్తయిదువని వట్టి చేతులతో పంపితే మా వైపు తప్పు. సుబ్బలక్ష్మి గారు బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళు, తమలపాకులు, ఒక కొత్త జాకెట్టు ముక్క చేతిలో పెట్టారు. పక్కింట్లోనూ అంతే, ఆ పక్కనా అంతే. వద్దంటే ఊరుకోరు. ఇంకెవరో పేరంటంలో తమకిచ్చిన ముక్కలు వదిలించుకునే సందు దొరికిందని కొందరి మొహాల్లోనే కనపడుతోంది. ఒక్కో ఇంటికి నేను పంచిన జానెడు ముక్కలు గుప్పిట్లో పట్టేవి. సాయంత్రానికి నాకు వచ్చిన నిండు ముక్కలకి సంచి చాలక, ఎవరో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా నిండింది.

మంచం మీద కుమ్మరించాను. అత్తయ్యగారు ఆ కుప్పని చూసి, మొదటి రోజు నుంచీ లేనిది, పకపకా నవ్వారు. "ఖాళీ చెయ్యడానికి వచ్చినదానివి ఇదేంటే?" అని ఒక నీలం ముక్క తీసి, ఇది ఎవరిచ్చారు అన్నారు. మిల్లు వాళ్ళనుకుంటాను అన్నాను. ఇదో? సందు చివరింటి వాళ్ళు. కాదేమో, డాబా ఇంటివాళ్ళు. మూడోది ఎవరిచ్చారో గుర్తే రాలేదు. బొట్లు పెట్టించుకుంటూ, పళ్ళు సర్దుకుంటూ, ఎవరేమన్నారో మనసులో రాసుకుంటూ తిరిగాను గానీ, ఏ ముక్క ఎవరిదో చూడలేదు.

"రాసుకోలేదా? రాసే పనేగా నీది?"

చేతిలో ముక్కని కుప్ప మీద పెట్టేశాను.

"ఒక్క పూట. నువ్వు కళ్ళున్న మనిషివి, ఒక్క పూటకే నీకు తెలియలేదు. నాది నలభై ఏళ్ళ లెక్క ఉమా" అన్నారు. ఆ గొంతులో గెలుపు లేదు. అలిసిపోయి ఉంది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే ఇద్దరం కూర్చుని తెల్ల చీటీలన్నీ పీకేశాం. మా అమ్మ పేరున్నది ఆవిడే పీకారు. ఆ ముక్కల్ని కాలవలో పడేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. పడేస్తే అడిగినవాళ్ళకి చెప్పడానికి ఏం మిగలదన్నాను. అన్నిటినీ ఒక సంచిలో వేసి, వాటితో పాటు నాకొచ్చినవీ వేసి, పైన ఒక పెద్ద చీటీ కుట్టాం. ఏం రాస్తావన్నారు. రాసి చదివి వినిపించాను: ఇవి ఎవరివో తెలియదు. కొన్ని తీసినవి, కొన్ని దాచినవి, కొన్ని ఇచ్చినవి. ఆవిడ తీసినవి అన్న మాట దగ్గర ఆగమన్నారు. కొట్టెయ్యమంటారనుకున్నాను. "తీసినవన్నదే ముందు పెట్టావుగా, చాలు" అన్నారు. ఒక బీరువా పూర్తిగా ఖాళీ అయింది. రెండోదాంట్లో ఆ సంచి ఒక్కటే ఉంది.

ఏడాది తిరక్కుండా ఆవిడ పోయారు. నేను వెళ్ళేసరికి వీధివాళ్ళు బీరువా తెరవనే తెరిచారు. ఆవిడ భయపడ్డ మాట అననే అన్నారు, అదీ చీటీ చదివిన తర్వాతే. చేతిరాత నాదని గుర్తుపట్టి, సుబ్బలక్ష్మి గారు నన్ను పక్కకి పిలిచి, "పేపరు మనిషివి, నువ్వు చెప్పు. దొంగేనా కాదా?" అనడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. "ఇందులో ఎక్కువ మీ కోసం దాచినవేనండి. అవి మీ చేతికి వచ్చేశాయి. కొన్ని ఆవిడ తీసినవి. ఎన్నో నాకు తెలియదు, ఆవిడకీ తెలియదు" అన్నాను. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. ఆవిడని వెనకేసుకొస్తున్నానని కొందరు, చచ్చిన మనిషిని కూడా వదల్లేదని కొందరు అనుకున్నారు.

ఇన్నేళ్ళ పనిలో అంత కష్టపడి చెప్పిన వాక్యాలు నాకు వేరే లేవు. ఇప్పుడు ఆవిడని తలుచుకున్నప్పుడల్లా, ఆ సంచిలోవి కూడా దాచినవేనని, ఆవిడ ఒక్క పోగు కూడా తియ్యలేదని అనుకోవాలనిపిస్తుంది. అలా అనిపించినప్పుడల్లా ఆ అనిపించడాన్ని కూడా తిరగేసి చూస్తాను. వెనక వైపున, ఆవిడని ఒక్క మాట అడక్కుండా నేను రాసిన ఆ చిన్న వార్త ఉంటుంది.