అన్నా, నువ్వు అవతలి దిక్కే ఉండు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే రకం కాదు. మా వైపు గోదావరిలో పడిన చేప గట్టుకు వచ్చేసరికి మూరెడు పెరుగుతుంది, వీధి మలుపు తిరిగేసరికి పడవంత అవుతుంది, కూరలోకి దిగాక మళ్లీ చేపవుతుంది. నా మాటా అంతే. కాబట్టి ఇందులో కనిపించే ప్రతి కొలతనూ సగానికి కోసుకుని చదవండి. మనుషులను మాత్రం కోయకండి, వాళ్లు అంత ఎత్తువాళ్లే.

మస్కట్ శివార్లలో అల్ హైల్‌లో మా కంపెనీ బిల్డింగ్ రెండో అంతస్తులో ఉంటాం. నేను రుసైల్‌లో గోడౌన్ స్టోర్‌కీపర్‌ని. రూమ్‌లో మిగతావాళ్లు నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చి సైట్లలో పనిచేసేవాళ్లు. మా ఏసీ మోత వింటూ మస్కట్‌లో దిగాల్సిన విమానాలు దారి తెలుసుకుంటాయి. మా టీవీ ఎంత పెద్దదంటే, దాన్ని లోపలికి తేవడానికి తలుపు తీస్తే సరిపోలేదు, గోడ తీశారు. ఇన్ని వైభవాలున్న రూమ్‌లో ఉంటూ కూడా ఒక క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్‌ను నా కళ్లతో నేను చూసి కొన్నేళ్లయింది. ఆ సమయానికి నేను బయట మెట్ల మీద ఉంటాను. ఉంటాననడం మర్యాద, ఉంచుతారు.

దీనికంతటికీ మూలపురుషుడు మా ఎలక్ట్రీషియన్. టీవీ రిమోట్ అతని చేతిలో పుట్టిందేమో అన్నట్టు ఉంటుంది. ఒక వేసవిలో లీగ్ మ్యాచ్ మంచి పట్టులో ఉండగా నేను కంచం కడగడానికి లేచాను. మన హైదరాబాద్ జట్టుకు సిక్స్ పడింది. వచ్చి కూర్చున్నాను. వికెట్ పడింది. ఎలక్ట్రీషియన్ నా వైపు మీటర్ చూసినట్టు చూశాడు.

"అన్నా, జెర ఇంకోపారి కంచం కడిగి రా."

"కడిగేశాను కదయ్యా."

"నాది కడుగు."

కడిగాను. ఫోర్. ఆ సాయంత్రం నేను కడిగిన కంచాల్లో మస్కట్ నగరం మొత్తానికి భోజనం వడ్డించొచ్చు. మన జట్టు గెలిచింది. అప్పటినుంచి నాది ఐరన్ లెగ్ అని రూమ్ ఏకగ్రీవంగా తీర్మానించింది. మ్యాచ్ బిగుసుకోగానే ఎవరో ఒకరు నా చెప్పులు గుమ్మం బయట పెట్టేవారు. మాట కూడా అనక్కర్లేదు.

మెట్ల మీద కూర్చున్నవాడికి ఆట కనపడదు గాని అభిప్రాయాలు మాత్రం బాగా పండుతాయి. ఆటగాళ్ల వేలం నాకు అస్సలు నచ్చదు. నిన్నటిదాకా మన జెర్సీ వేసుకుని మన చేత ఈలలు వేయించుకున్నవాడు, ఒక మధ్యాహ్నం ఎవరో చెయ్యెత్తగానే పరాయివాడైపోతాడు. అంతవరకు వాడి మీద పెంచుకున్న ప్రేమను ఎక్కడ దాచుకోవాలి? మేం ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలంటే ముదీర్, అంటే మేనేజర్, సంతకం పడేలోపు గడ్డాలు నెరుస్తాయి, వాళ్లకు సుత్తి ఒక్క దెబ్బ. మ్యాచ్ మధ్యలో వ్యూహం కోసమని విరామం ఇస్తారు. అందులో వ్యూహం ఉన్నది ప్రకటనలవాళ్లకే. ఇక మన జట్టు సంగతి, అది మా రూమ్‌లో వంట వంతులాంటిది. ఒకరోజు కొండలా పరుగులు పోస్తారు, మర్నాడు చూస్తే గిన్నె ఖాళీ.

ఈ అభిప్రాయాలన్నీ ఓపిగ్గా విన్నది ఒక్కరే, మా సైట్ ఒమానీ ఫోర్‌మన్. కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, మా అందరికంటే మంచి హిందీ. పక్క బిల్డింగ్‌లో పని చూసుకుని వెళ్తూ ఆగి, మెట్టు దులుపుకుని నా పక్కన కూర్చునేవాడు. ఆయనకు ఫుట్‌బాల్ తప్ప మరో ఆట ఆటే కాదు.

"తుమ్హారా గేమ్ బహుత్ అచ్ఛా హై సదీక్. ఆద్మీ సోకే ఉఠే, ఫిర్ భీ ఖతమ్ నహీ," అనేవాడు. సదీక్ అంటే నేస్తం. నిద్రపోయి లేచినా అయిపోని ఆట అని మెచ్చుకోలు.

"మీ ఆటలో అంతసేపు పరిగెత్తి చివరకు సున్నాకు సున్నా అంటారు. నేను గోడౌన్‌లో అలా చూపిస్తే నన్ను ఇంటికి పంపిస్తారు," అని హిందీలో అనబోయి, సగం తెలుగులో అనేవాణ్ణి. ఆయనకు అంతా అర్థమయ్యేది.

ఇలా నా కాలు రూమ్ వరకే పరిమితమై ఉంటే బాగుండేది. పంచాయతీ ఎన్నికలు వచ్చి దాన్ని నిజామాబాద్ జిల్లా దాకా తీసుకెళ్లాయి.

మా రూమ్‌లో టైల్స్ మేస్త్రీ ఒకడున్నాడు. నవ్వితే రూమ్‌లో లైటు వేయక్కర్లేదు. ఒక శుక్రవారం అతను నవ్వకుండా వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు.

"అన్నా, మా ఊరికి లేడీస్ రిజర్వేషన్ వచ్చింది. మా ఇంటామె సర్పంచ్‌కు నిలవడ్డది."

"మంచి మాటే కదా తమ్ముడూ."

"మంచిదే. ఫుట్‌బాల్ గుర్తిచ్చిన్రు. ఎదుటామెది బ్యాట్. పాత సర్పంచ్ పెండ్లామామె. ఎన్నేండ్ల సంది ఆ ఇంట్లనే ఉన్నది కుర్సీ." నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు బ్యాట్ దిక్కు ఉండాలె అన్నా. నీ కాల్మొక్త."

ఇంతవరకు నేను నవ్వుతూనే ఉన్నాను. అతను నవ్వలేదు. అవతలివాళ్లు ఊరంతా తిరిగి, మొగుడు మస్కట్‌లో ఉంటే ఈమె సర్పంచ్ అయ్యి ఏం చేస్తుంది, వెనక నిలబడడానికి మగదిక్కేది అంటున్నారట. దానికి ఆమె, మహిళా సంఘాన్ని ఏళ్లుగా నడిపిన మనిషి, చావడి దగ్గర మైకు పట్టుకుని చెప్పిందట: "అక్కడ ఆమె గెలిస్తే కుర్సీల ఆయన కూసుంటడు. నా మొగడు మస్కట్‌ల ఉన్నడు. నేను గెలిస్తే నేనే కూసుంట." మాట బాగా పేలింది. అందుకే మేస్త్రీకి భయం పట్టుకుంది. ఇంత మాట అన్నాక ఓడిపోతే, ఊళ్లో ఆమె తలెత్తుకుని తిరగలేదు, తను సెలవు మీద వెళ్లినా బస్టాండ్ దాటి నడవలేడు. నేను ఒప్పుకున్నాను.

మర్నాటినుంచి రూమ్ మతం మారింది. ఫుట్‌బాల్ అంటే ఊకె ఉరుకుడేనని తీసిపారేసిన ఎలక్ట్రీషియన్, దానిలో ఉన్న మజా దేనిలోనూ లేదని వాట్సాప్‌లో ఊరివాళ్లకు ఉపన్యాసాలు పంపాడు. రూమ్‌లో ప్రతివాడూ ఇంటికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడగకముందే ఫుట్‌బాల్ మీద గుద్దమని చెప్పేవాడు. ఓటు నిజామాబాద్‌లోనే పడుతుంది గాని, ప్రచారం సగం అల్ హైల్‌లో జరిగింది. ఫోర్‌మన్‌కు సంగతి సగమే అర్థమైంది, సంతోషం మాత్రం పూర్తిగా కలిగింది. ఇన్నాళ్లకు వీళ్లకు బుద్ధి వచ్చిందని కొత్త ఫుట్‌బాల్ కొని తెచ్చాడు. దానితో అందరూ ఫొటో దిగి ఊరి గ్రూపులో పెట్టారు. నన్ను ఫొటో తీయనివ్వలేదు కూడా. బంతిని నేను ముట్టకూడదు. నాకు మూలనున్న పాత బ్యాట్ ఇచ్చి, మెట్ల మీద ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నారు. బిల్డింగ్ మొత్తంలో బాహాటంగా క్రికెట్‌ను ప్రేమించే హక్కు ఆ రోజుల్లో నాకొక్కడికే ఉండేది.

తర్వాత అభ్యర్థే స్వయంగా ఫోన్ చేసింది. ఆమెను నేను చూడలేదు గాని ఆమె చేతి సకినాలు తెలుసు. ఎవరు సెలవు మీద వెళ్లొచ్చినా ఒక పొట్లం వేరుగా కట్టి, "మెట్ల మీది అన్నకు" అని చెప్పి పంపేది.

"మంచిగున్నవా అన్నా? నీ గురించి మా ఆయన అంత చెప్పిండు. నీకు దండం వెడ్త, నా దిక్కు మాత్రం ఉండకు. నేను గెల్వాలని మనసుల గూడ అనుకోకు."

"మనసులో కూడానా అమ్మా?"

"మనసులనే అన్నా. నోటితోని అంటే ఏమైతది, నోటి మాట ఎవలు నమ్ముతరు?"

రాజకీయాల్లో రాణిస్తుందని నాకప్పుడే తెలిసింది. ఆ శుక్రవారమే మేస్త్రీ నన్ను మస్కట్‌లోనే ఉన్న దార్సైట్ కృష్ణుడి గుడికి తీసుకెళ్లి, తను బయట చెప్పుల దగ్గర నిలబడి నన్ను లోపలికి పంపాడు. బ్యాట్ గెలవాలని మొక్కుకుని వచ్చాను. ప్రసాదం సగం అతనికిచ్చాను.

ఇలాంటి రహస్యాలు రుసైల్‌లో ఉదయం మొదలైతే మధ్యాహ్నం భోజనానికి ఒమాన్ సరిహద్దు దాటుతాయి. పాత సర్పంచ్ బావమరిది రుసైల్‌లోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతను గోడౌన్‌కు వచ్చి, బల్ల మీద ఒమానీ హల్వా డబ్బా పెట్టాడు. డబ్బా అంటున్నాను గాని, అందులో మనిషి స్నానం చేయొచ్చు.

"మా అక్కది బ్యాట్ గుర్తన్నా. నువ్వు బ్యాట్ దిక్కు ఉన్నవంట. మేం నీకేం అన్యాయం జేసినం?"

"ఏం చేయమంటావు చెప్పు."

"ఫుట్‌బాల్ దిక్కు ఉండు. నువ్వు గట్టిగ ఉంటే వాళ్లు లేవరు."

హల్వా నెయ్యి వాసన గోడౌన్ అంతా పరుచుకుంది. సరేనన్నాను. నా జీవితంలో ఎవరూ నన్ను ఏ జట్టుకూ రమ్మని పిలవలేదు. ఇప్పుడు రెండు పార్టీలు వచ్చి, తమ వైపు రావద్దని బతిమాలుతున్నాయి. ఏ నాయకుడికీ ఇంత గిరాకీ ఉండదు.

పోలింగ్ రోజు మేం డ్యూటీ దిగి వచ్చేసరికి అక్కడ చీకటి పడింది, ఊరి బడిలో లెక్కింపు నడుస్తోంది. చలికాలం కాబట్టి మెట్లు చల్లగా ఉన్నాయి. నా చెప్పులు అప్పటికే బయట ఉన్నాయి. లోపల మేస్త్రీ ఫోన్‌లో అతని తమ్ముడు బడి గేటు దగ్గర నిలబడి కామెంటరీ చెబుతున్నాడు. ఎలక్ట్రీషియన్ దాన్ని టీవీ స్పీకర్‌కు కలిపాడు. మెట్ల మీద బ్యాట్ పట్టుకుని నేను విన్నాను. ముందు వార్డు సభ్యులు, తర్వాత సర్పంచ్ ఓట్లు. ఒక కట్ట విప్పితే బ్యాట్ ముందుంది. ఇంకో కట్టకు ఫుట్‌బాల్. అరుపు. మళ్లీ బ్యాట్. తలుపు తెరుచుకుని మేస్త్రీ తల బయటికి వచ్చింది.

"అన్నా, నువ్వు బ్యాట్ దిక్కే ఉన్నవు గదా?"

"ఉన్నాను తమ్ముడూ."

"గట్టిగ ఉండు."

తల లోపలికి వెళ్లింది. ఫోర్‌మన్ వచ్చి పక్కన కూర్చుని స్కోరెంత అన్నాడు. కష్టంగా ఉందన్నాను. "ఫుట్‌బాల్ మే లాస్ట్ మినిట్ గోల్ ఆతా హై," అన్నాడు ధైర్యం చెబుతూ. లోపల అవతలివాళ్లు మళ్లీ లెక్కించమన్నారన్న మాట వినిపించింది. ఏసీ కూడా కాసేపు మోత ఆపిందంటే మీరు నమ్మరు, నమ్మకండి. ఆ తర్వాత వచ్చిన కేకకు కింది అంతస్తు మలయాళీలు తమ ఫోన్లు చూసుకున్నారు, ఏ మ్యాచ్ అయిపోయిందో తెలియక. ఫుట్‌బాల్ గెలిచింది. మెజారిటీని రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా గెలుపు గెలుపే. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి నన్ను, బ్యాట్‌ను, ఫోర్‌మన్‌ను కలిపి కౌగిలించుకున్నాడు. ఫోన్‌లో కొత్త సర్పంచ్ నాతో మాట్లాడతానంది. "నీ దయ అన్నా. నువ్వు మాట నిలవెట్టుకున్నవు."

నాలుగు రోజులకు హల్వా మనిషి గోడౌన్‌కు వచ్చాడు. డబ్బా తిరిగి ఇవ్వమన్నాడు. ఖాళీదే ఇచ్చాను.

"ఫుట్‌బాల్ దిక్కు ఉంటనని మాటిచ్చి తప్పినవు అన్నా. పెద్దమనిషివనుకున్న."

డబ్బా మూత కూడా వెతికి చేతికిచ్చాను.

ఇంత రాశాక లెక్క చెప్పుకోవాలి. టీవీ కోసం గోడ తీయలేదు, తలుపు మాత్రం ఊడదీశారు. హల్వా డబ్బాలో మనిషి పట్టడు, పిల్లి పడుతుంది. ఇవి పెంచినవే గాని కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటి. దార్సైట్ గుళ్లో బ్యాట్ గెలవాలని మొక్కుకున్నానన్నాను చూడండి, అది. బ్యాట్ అందామనే చేతులు జోడించాను. ఆమె మైకు పట్టుకుని అన్న మాట గుర్తొచ్చింది, సకినాల పొట్లం గుర్తొచ్చింది. నేను గెలిస్తే నేనే కూసుంట అన్న మనిషి ఓడాలని దేవుడి ముందు ఎలా అనడం? ఫుట్‌బాల్ అనేశాను. మెట్ల మీద కూడా చివరి కట్ట దాకా అదే అనుకున్నాను. అంటే నేను నిజాయితీగా తిన్నది అవతలివాళ్ల హల్వా, మోసం చేసి తిన్నది మేస్త్రీతో పంచుకున్న ప్రసాదం.

ఈ సంగతి బయటపెడితే నా కాలు మంచిదేనని తేలుతుంది, ఆఖరి ఓవర్లు లోపల కూర్చుని చూడొచ్చు. కానీ మేస్త్రీ సంగతి నాకు తెలుసు, గెలిచేసిన ఎన్నికకు కూడా కూర్చుని వణుకుతాడు. అందుకని ఊరుకున్నాను. మొన్న సెలవు నుంచి వచ్చిన వాళ్లతో సర్పంచ్ గారు సకినాలతో పాటు ఒక బొంత పంపారు, మెట్ల మీద వేసుకోవడానికి. ప్రచారంలో మిగిలిన కండువాలు కలిపి కుట్టించారట, అడుగడుగునా ఫుట్‌బాల్ బొమ్మలే. లీగ్ మొదలైనప్పటినుంచి రోజూ దాని మీదే కూర్చుంటున్నాను. నేను ఎవరి దిక్కు కూర్చున్నానో ఇంతవరకు ఎవరూ గమనించలేదు.