స్క్వింట్ అనే మాట, నా ఎడమ కన్ను

నా ఎడమ కన్ను మెల్ల. అది అదృష్టమని కుప్పంలో మా అవ్వ ఊరంతా చెప్పుకునేది. ఆ అదృష్టం ఏపాటిదో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మదనపల్లెలో బి.ఇడి. ముగించి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తెలిసొచ్చింది. రెండు ప్రైవేటు స్కూళ్లలో డెమో క్లాసు చెప్పాను. "నువ్వు లేచి చదువు" అని ఒకరిని చూస్తే పక్కవాడు లేచి, "నన్నా మిస్?" అనేవాడు. క్లాసంతా ఒకటే నవ్వు. రెండు చోట్లా వద్దన్నారు. పుంగనూరు స్కూలు మూడోది. ఇదీ పోతే ఇంటికొచ్చేయమని నాన్న తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. కన్ను వంకరైతే నా ఇంగ్లీషు కూడా వంకరా?

ఏడో తరగతి. కరస్పాండెంట్ సారు వెనక బెంచీలో కూర్చున్నారు. పాఠంలో ఒక ముసలాయన ఎండలోకి చూస్తూ 'స్క్వింట్' చేస్తాడు. అంటే ఏమిటని అడిగాను. ముందు బెంచీ అమ్మాయి గైడు తిరగేసి గట్టిగా చదివింది.

"స్క్వింట్ అంటే మెల్లకన్ను మిస్."

చదివాక నా మొహం చూసి నాలుక్కరుచుకుంది. సారు తల దించుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

"యాల భయపడతావు? సరిగ్గానే చెప్పినావు. అది ఈడ ఉండాది," అని నా కన్ను చూపించాను. "ఐ హ్యావ్ ఎ స్క్వింట్. ముసలాయన చేసింది వేరే. పదండి బయటికి."

మండే ఎండలో నిలబెట్టి, దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు మీది అక్షరాలు చదవమన్నాను. నలభై మందీ కళ్లు చిట్లించారు. "ఇదీ ముసలాయన చేసింది!" అన్నాను. ఒక పిల్ల సారు వైపు ఓరకంట చూసింది. "అదీ స్క్వింటే!" అన్నాను. సారు కూడా నవ్వారు.

గెలిచేశాననుకుని క్లాసుకొచ్చి, ఒకమ్మాయిని చదవమన్నాను. ఇద్దరు లేచారు. "నన్నా మిస్?"

"పాఠం బాగుండాదమ్మా," అన్నారు సారు. "రోజూ ఇట్ల ఇద్దరిద్దరు లేస్తాంటే ఎట్ల?"

"ఒక్క రోజు టైమియ్యండి సార్. రేపొచ్చి సూడండి."

సాయంత్రం బడి వదిలేదాకా ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి పేరడిగాను, మొహం గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు సారు ముందర, రిజిస్టరు తెరవకుండా నలభై మందినీ పేర్లతో లేపాను. పిలిచినవాళ్లే లేచారు.

ఆ స్కూల్లో తొమ్మిదేళ్లు చెప్పాను. "నన్నా మిస్?" అని మళ్లీ ఎవరూ అడగలేదు.